ఆ ‘శాన్’ ఎవరండీ?

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు మా అక్కయ్య సంగతి చెప్పి మొదలుపెడతాను, ఆవిడ ఇవాళ రాలేదు కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు. మా మేనకోడలు కాలిఫోర్నియాలో శాన్ రమోన్ అనే ఊళ్లో ఉంటుంది. మా అక్కయ్య ఆ ఊరిని ‘సన్ రామన్’ అంటుంది. ఆ రామన్ ఎవరో మనవాడే, ఎప్పుడో అక్కడికి వెళ్లి ఉద్యోగం చేసుకుంటూ మంచి పేరు తెచ్చుకుని ఉంటాడు, ఊరికి ఆయన పేరు పెట్టారు అని ఆవిడ లెక్క. నవ్వకండి. ఈ లెక్క ఎంతవరకు తప్పో చివర్లో మీరే చెబుదురుగాని.

ఇక్కడ పిల్లలు శాన్ హోసే, శాన్ రమోన్, శాంటా క్లారా, శాన్ మటేయో, ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగం హాలు. రోజూ వీడియో కాల్లో ఆ ఊరి పేరు చెబుతారు, కొరియర్ పంపేటప్పుడు రాస్తారు, ఆవకాయ డబ్బా మీద కూడా రాస్తారు. ఎప్పుడైనా ఆ ‘శాన్’ ఎవరు అని అడిగారా? నేను ముప్పై ఏళ్లు జాగ్రఫీ చెప్పాను, రిటైరయ్యేదాకా నేనూ అడగలేదు. మ్యాపు మీద వేలు పెట్టి చూపించడమే మా పని.

శాన్ అంటే స్పానిష్‌లో పునీతుడు. మన కేథలిక్కులు పునీత అంతోని, పునీత జోజప్ప అంటారే, ఆ ‘పునీత’. అసలు మాట శాంటో. మగవాళ్ల పేర్ల ముందు దాన్ని కుదించి శాన్ అంటారు. ఆడవాళ్లయితే శాంటా. మరి శాంటో డొమింగోలో పూర్తిగా శాంటో అని ఎందుకుంది? ‘దో’, ‘తో’ అనే శబ్దంతో మొదలయ్యే పేర్ల ముందు మాత్రం కుదించరు. శాంటో డొమింగో, శాంటో తోమాస్. మిగతావాళ్లంతా శాన్. అంతే వ్యాకరణం, పరీక్ష పెట్టను.

అంటే మీ పిల్లలుండే శాన్ హోసే ఎవరి ఊరు? హోసే అంటే యోసేపు. మన భాషలో చెప్పాలంటే పునీత జోజప్పగారి ఊరు! కాలిఫోర్నియాలో ఉన్నది 1777లో పెట్టిన ఊరు. అదే పేరుతో కోస్టారికా దేశపు రాజధాని ఉంది, అక్కడ 1738లో కట్టిన చిన్న గుడి యోసేపుగారిది, ఊరికి ఆయన పేరే స్థిరపడింది. ఇంకో తమాషా. మనం జోసెఫ్‌ని జోజి అన్నట్టు వాళ్లు హోసేని ముద్దుగా ‘చేపే’ అంటారు. కోస్టారికా జనం తమ రాజధానిని కూడా చేపే అనే పిలుస్తారు. ‘రేపు చేపేకి వెళ్తున్నా’ అంటారు. రాజధానిని ఒరేయ్ జోజిగా అని పిలిచినంత చనువన్నమాట.

సరే, ఇన్ని ఊళ్లకి ఇంతమంది పునీతుల పేర్లు ఎలా వచ్చాయి? భక్తి అంటారు మీరు. భక్తి ఉంది, కాదనను. కానీ భక్తి కంటే ఎక్కువ పని చేసింది క్యాలెండర్.

మన గుణదల మేరీమాత తిరనాళ్లు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లోనే కదా. అలాగే కేథలిక్ క్యాలెండర్లో దాదాపు ప్రతి రోజూ ఎవరో ఒకరి పండగ. ఓడలో వెళ్తున్న స్పెయిన్ వాడికి కొత్త తీరం కనిపించింది. ఏం పేరు పెట్టాలి? క్యాలెండర్ తీస్తాడు, ఇవాళ ఎవరి పండగో చూస్తాడు, అయిపోయింది. మన పంతులుగారు పుట్టిన నక్షత్రం చూసి అక్షరం చెప్పినట్టు.

ఉదాహరణకి శాన్ డియాగో తీసుకోండి. 1542 సెప్టెంబర్ చివర్లో కబ్రియో అనే ఆయన ఆ రేవులోకి వచ్చాడు. సెప్టెంబర్ 29 మిఖాయేలు పండగ. కాబట్టి శాన్ మిగెల్ అన్నాడు. అరవై ఏళ్ల తర్వాత, 1602 నవంబర్లో విస్కయీనో అనే ఇంకో ఆయన అదే రేవుకి వచ్చాడు. ఆయన ఓడ పేరు శాన్ డియాగో, రెండ్రోజుల్లో శాన్ డియాగో పండగ కూడా. పాత పేరు కొట్టేసి కొత్త పేరు పెట్టాడు. అదే రేవు, అదే నీళ్లు, నెలన్నర తేడాతో వేరే పునీతుడు! ఈ విస్కయీనో అక్కడితో ఆగలేదు. పైకి వెళ్తూ నవంబర్ 25 కేథరిన్ పండగ దగ్గర పడితే ఒక దీవికి శాంటా కాటలీనా, డిసెంబర్ 4 బార్బరా పండగకి ఇంకో చోటికి శాంటా బార్బరా. ఆ తీరం మ్యాపు పక్కన క్యాలెండర్ పెట్టుకుంటే ఆయన ఓడ ఏ రోజు ఎక్కడుందో మనం కూర్చున్న చోటు నుంచే చెప్పొచ్చు. జాగ్రఫీ మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

టెక్సస్‌లో శాన్ ఆంటోనియో ఉంది, డల్లాస్ పిల్లలు వీకెండ్‌కి వెళ్తుంటారు. 1691 జూన్ 13న, అంతోనివారి పండగ రోజున అక్కడి నదికి పెట్టిన పేరది. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్, 1565లో ఆగస్టు 28న, అగస్టీన్ పండగ నాడు తీరం కనిపించింది. కొలంబియాలో శాంటా మార్తా, 1525 జూలై 29, మార్తమ్మ పండగ. ఇంకా చెప్పొచ్చు కానీ ఇదే పద్ధతి.

కొలంబస్ ఒక చోట చాలా తెలివిగా తప్పించుకున్నాడు. 1493లో ఒక దగ్గర చిన్న చిన్న దీవులు, లెక్కపెట్టలేనన్ని. ఇన్నింటికి ఇంతమంది పునీతుల్ని ఎక్కడి నుంచి తేవాలి? ఉర్సులా అనే పునీతురాలి కథలో ఆమెతోపాటు పదకొండు వేల మంది కన్యలు హతసాక్షులయ్యారని, అంటే మతం కోసం ప్రాణాలిచ్చారని ఉంది. అందరినీ కలిపి ఒకేసారి పెట్టేశాడు, పునీత ఉర్సులా, పదకొండు వేల మంది కన్యల దీవులని. వాటినే ఇప్పుడు వర్జిన్ ఐలాండ్స్ అంటున్నాం.

ఈ క్యాలెండర్ అలవాటు ఊళ్లతో ఆగలేదండీ. తుపాన్లకి కూడా! మనకి హుద్‌హుద్, తిత్లీ అని పేర్లు పెడుతున్నారు కదా. ప్యూర్టో రికోలో పాతకాలంలో తుపాను ఏ రోజు ఊరిమీద పడితే ఆ రోజు పునీతుడి పేరు దానికి. 1899 ఆగస్టు 8న వచ్చింది శాన్ సిరియాకో, మూడు వేల మందికి పైగా పోయారు. 1876లో సెప్టెంబర్ 13న ఒకటి వచ్చింది, శాన్ ఫెలిపే. 1928లో సరిగ్గా అదే తేదీన ఇంకోటి. ఏమన్నారు? రెండో శాన్ ఫెలిపే అన్నారు. రాజుల పేర్లలాగా, మొదటి ఫెలిపే, రెండో ఫెలిపే.

ఇప్పుడు అందరికంటే పెద్దాయన దగ్గరికి వద్దాం. శాంటియాగో. ఈ పేరులో శాన్ ఎక్కడుందో కనిపించదు, ఎందుకంటే పేరులో కరిగిపోయింది. శాంట్, యాగో. యాగో అంటే యాకోబు. యేసు శిష్యుడు యాకోబు, హేరోదు చంపించాడే, ఆయన. ఆయన శరీరాన్ని పడవలో స్పెయిన్ వాయవ్య మూలకి తెచ్చారని అక్కడివాళ్ల నమ్మకం. తొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ సమాధి దొరికిందన్నారు. దాని చుట్టూ పెరిగిన ఊరే శాంటియాగో డి కంపోస్టేలా. ఇప్పటికీ లక్షల మంది వారాల తరబడి నడిచి అక్కడికి వెళ్తారు, వీపున సంచికి సముద్రపు గవ్వచిప్ప కట్టుకుని. శబరిమల నడక, శ్రీశైలం నడక తెలిసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు.

కానీ ఈ యాకోబుగారికి ఇంకో రూపం ఉంది, అది అంత ప్రశాంతమైంది కాదు. స్పెయిన్లో ముస్లిం రాజ్యాలతో యుద్ధాలు జరిగినంతకాలం సైనికులు ‘శాంటియాగో!’ అని కేక వేసి మీద పడేవాళ్లు. తెల్ల గుర్రం మీద కత్తి పట్టుకుని వస్తాడని బొమ్మలు గీశారు. జాలరి, వల పట్టుకున్న మనిషి, గుర్రమెక్కాడు. ఆ సైనికుల మనవలు, మునిమనవలే అమెరికా వెళ్లారు. వెళ్తూ ఆ కేకని కూడా పట్టుకెళ్లారు. ఇక ఎక్కడ చూసినా శాంటియాగోనే. క్యూబాలో శాంటియాగో, 1515. చిలీ రాజధాని శాంటియాగో, 1541, వల్దీవియా స్థాపించాడు. అర్జెంటీనాలో శాంటియాగో డెల్ ఎస్తేరో, 1553. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒకటి. మెక్సికోలో కేరేతరో అసలు పేరులోనూ ఆయనే ఉన్నాడు. కొలంబియాలో కాలి నగరం ఉంది చూడండి, దాని పూర్తి పేరు శాంటియాగో డి కాలి, స్థాపన 1536 జూలై 25. జూలై 25 ఎవరి పండగో ఇప్పుడు మీరే చెప్పాలి. ఆ, యాకోబు. కరెక్ట్.

నాకు దీంట్లో బాగా నచ్చిన ముక్క పెరూలో జరిగింది. అక్కడ బొమ్మల్లో ఆ గుర్రం కింద శత్రువులుగా స్థానిక ఇండియన్లే పడి ఉన్నట్టు గీశారు. చూసేవాళ్లకి ఎలా ఉంటుంది చెప్పండి? ద్వేషించాలి కదా? కానీ ఆండీస్ కొండల్లో జనం ఏం చేశారంటే, తుపాకి పేల్చేముందు వీళ్లు శాంటియాగో అని అరుస్తున్నారు, వెంటనే ఉరుము లాంటి శబ్దం వస్తోంది, అంటే ఈయన మన ఉరుముల దేవుడు ఇల్యాపా అయ్యుండాలి అని ఆయన్ని తమవాడిని చేసేసుకున్నారు. తమని తొక్కడానికి తెచ్చిన దేవుణ్ణి తమ వానదేవుడిగా మార్చుకున్నారు. ఓడినవాళ్ల తెలివి అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకో చిన్న ముక్క, స్పానిష్ నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లకి. శాంటియాగో ఊరివాళ్లని ఏమంటారు? ఏ శాంటియాగో అని అడగాలి. చిలీలో శాంటియాగినో. క్యూబాలో శాంటియాగేరో. అర్జెంటీనాలో శాంటియాగేన్యో. స్పెయిన్లో శాంటియాగేస్. తోక మార్చారంటే దేశం మారిపోయినట్టే, గొడవలవుతాయి.

ఇందాక కాలి అన్నాను. అక్కడ శాంటియాగో రాలిపోయి కాలి మిగిలింది. చిలీలో తిరగబడింది, ‘శాంటియాగో డెల్ నువేవో ఎక్స్ట్రేమో’లో తోక రాలిపోయి శాంటియాగో మిగిలింది. కారకాస్ కూడా పుట్టినప్పుడు శాంటియాగో డి లియోన్ డి కారకాసే, ఇప్పుడు పునీతుడు కాగితాల మీదే. ఈక్వడార్ రాజధాని క్విటో పూర్తి పేరు శాన్ ఫ్రాన్సిస్కో డి క్విటో. 1534. అస్సీసి ఫ్రాన్సిస్‌గారే, కానీ అప్పటి పెద్ద బాస్ పేరు కూడా ఫ్రాన్సిస్కో పిసారో. అర్థమైంది కదా? పునీతుడి పేరు పెట్టినట్టూ ఉంటుంది, బాస్ ఖుషీ అయినట్టూ ఉంటుంది. మన దగ్గర కాలనీలకి పేర్లు ఎలా పెడుతున్నారో నేను వేరే చెప్పను.

మెక్సికోలో వహాకా అని ఒక రాష్ట్రం. ఆ ఒక్క రాష్ట్రంలో 570 మున్సిపాలిటీలు. ఆ లిస్టు తెరిస్తే శాన్, శాంటా, శాన్, శాంటా, పేజీలకి పేజీలు. ఎందుకు? స్పెయిన్ వాళ్లొచ్చాక మశూచిలాంటి రోగాలతో జనం కుప్పకూలారు. మిగిలినవాళ్లు కొండల్లో చెదురుమదురుగా ఉంటే పన్ను వసూలుకీ కష్టం, మతం చెప్పడానికీ కష్టం. అందుకని పదహారో శతాబ్దంలో వాళ్లని పోగుచేసి కొత్త ఊళ్లలో పెట్టారు. నడిమధ్య గుడి, గుడికో పునీతుడు, ఆ పునీతుడే ఊరిపేరు. కానీ పాత పేరు చావలేదు, వెనక నిలబడింది. శాన్ బార్తోలో కొయోటెపెక్, నల్లమట్టి కుండలకి పేరు, కొయోటెపెక్ అంటే నక్కల్లాంటి కొయోట్‌లు తిరిగే కొండ. శాన్ పాబ్లో విల్యా డి మిట్లా, మిట్లా అంటే చనిపోయినవాళ్ల చోటు. శాంటా మరియా డెల్ తూలే, అక్కడొక చెట్టుంది, కాండం చుట్టుకొలతే సుమారు 42 మీటర్లు. ఆ చెట్టు పునీతుల కంటే ముందు నుంచీ ఉంది, ఊరిపేరు చివర్లో ఉన్న తూలే అంటే మాత్రం తుంగగడ్డి.

మనకి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. వాళ్ల ఊళ్లకి గుడిలో పెట్టిన పేరు ముందు, ఇంటిపేరు వెనక. పిలుచుకునేటప్పుడు ఏది వాడతారు? చాలాచోట్ల వెనకదే. మిట్లా అంటారు, శాన్ పాబ్లో ఎవరూ అనరు.

తర్వాత స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో తోక కూడా తగిలించారు. శాన్ మిగెల్ ఎల్ గ్రాండే అనే ఊరు 1826లో శాన్ మిగెల్ డి అయేండే అయింది, అయేండే ఆ ఊళ్లో పుట్టిన స్వాతంత్ర్య యోధుడు. పునీతుణ్ణి తీయలేదు, పక్కన యోధుణ్ణి కూర్చోబెట్టారు. అందరూ ఇంత మర్యాదగా చేయలేదు. మెక్సికోలోనే తబాస్కో రాజధాని శాన్ హువాన్ బౌతిస్తా, అంటే స్నాపక యోహాను. 1916లో విప్లవ కాలపు గవర్నరు ఆ పేరు తీసేసి విల్యాఎర్మోసా అన్నాడు, అందమైన ఊరు అని. ఇప్పటికీ అదే.

ఇంకా ఘోరం శాంటో డొమింగోలో. కొలంబస్ తమ్ముడు బర్తొలోమే స్థాపించిన ఊరు, అమెరికా ఖండాల్లో యూరప్ వాళ్లు పెట్టి, నేటికీ జనం ఉంటున్న ఊళ్లలో అదే అన్నింటికంటే పాతది. 1930 సెప్టెంబర్ 3న తుపాను వచ్చి ఊరిని నేలమట్టం చేసింది. ఆ తుపాను పేరేంటి? శాన్ సెనోన్. అంటే ఒక పునీతుడి ఊరిమీద ఇంకో పునీతుడు పడ్డాడు. అప్పుడే గద్దెనెక్కిన ట్రుహియో అనే నియంత ఊరిని మళ్లీ కట్టించాడు, కట్టించి, 1936లో దానికి సియుదాద్ ట్రుహియో అని తన పేరే పెట్టుకున్నాడు. బతికుండగానే! 440 ఏళ్ల డొమినిక్‌గారిని దించి తాను కూర్చున్నాడు. 1961లో ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఏడాదే ఊరికి పాత పేరు వచ్చేసింది. పాతికేళ్లు, అంతే.

ప్యూర్టో రికోలో మాత్రం ఎవరూ ఎవర్నీ తీయలేదు, కానీ పేర్లు తారుమారయ్యాయి. కొలంబస్ దీవికి శాన్ హువాన్ బౌతిస్తా అని పెట్టాడు. రేవు ఊరికి ప్యూర్టో రికో, అంటే సిరిగల రేవు. కొన్నాళ్లు పోయాక దీవి ప్యూర్టో రికో అయింది, ఊరు శాన్ హువాన్ అయింది. ఇల్లు అద్దెకిచ్చి తాను గదిలోకి మారిన యజమానిలా యోహానుగారు ఊళ్లోకి సర్దుకున్నారు. దీవి చిహ్నం మీద మాత్రం ఇప్పటికీ లాటిన్‌లో రాసి ఉంటుంది, ‘అతని పేరు యోహాను’ అని. లూకా సువార్తలో మాట పడిపోయిన జెకర్యా పలక మీద రాస్తాడే, ఆ వాక్యం.

ఇప్పుడు మోసపోయే పేర్లు. శాంటా అనగానే ఆడ పునీతురాలు అనుకోకండి. శాంటా క్రూజ్ అంటే పవిత్ర సిలువ. శాంటా ఫే అంటే పవిత్ర విశ్వాసం. శాన్ సాల్వడార్ అంటే రక్షకుడు, సాక్షాత్తు యేసే. ఇంకో పక్క పునీతుడు ఉండి కూడా కనిపించని పేర్లున్నాయి. స్పెయిన్లో శాన్ సెబాస్టియన్‌ని బాస్క్ భాషలో దొనోస్తియా అంటారు. రెండూ ఒకే పేరు! బాస్క్‌లో పునీతుణ్ణి ‘దోనె’ అంటారు, దోనె సెబాస్టియన్ నలిగి నలిగి దొనోస్తియా. అలాగే శాంతాందేర్, బ్యాంకు పేరుగా విని ఉంటారు. ఎమెతేరియో అనే రోమన్ సైనికుడు, హతసాక్షి, శాంట్ ఎమెతెర్ అరిగిపోయి శాంతాందేర్ అయింది. ఆ ఊరిపేరు ఇంటిపేరైంది, ఆ ఇంటిపేరున్న ఒకాయన కొలంబియా స్వాతంత్ర్య యుద్ధంలో సేనాని అయ్యాడు, కొలంబియాలో ఒక రాష్ట్రానికి ఆయన పేరు పెట్టారు. తల నరికించుకున్న రోమన్ సైనికుడికి సముద్రం అవతల ఒక రాష్ట్రం ఉంది, ఆయనకి తెలియదు పాపం.

అన్నింటికంటే నాకు ఇష్టమైనవి, పునీతుడు అసలు లేనే లేని పేర్లు. అర్జెంటీనాలో శాన్ మార్టిన్ అని కనిపిస్తే తొంభై పాళ్లు స్వాతంత్ర్యం తెచ్చిన జనరల్ శాన్ మార్టిన్, ఆయన ఇంటిపేరది. అక్కడే మంచుకొండల్లో బరిలోచే అనే ఊరుంది, పూర్తి పేరు శాన్ కార్లోస్ డి బరిలోచే. ఏ పునీత కార్లోసూ కాదు. కార్లోస్ వీదర్‌హోల్డ్ అనే జర్మన్ సంతతివాడు, సరస్సు ఒడ్డున కొట్టు పెట్టుకున్నాడు. ఆయనకొచ్చిన ఉత్తరం మీద ‘డాన్ కార్లోస్’, అంటే కార్లోస్‌గారు అని ఉండాల్సింది, శాన్ కార్లోస్ అని పడిందట. అలా కిరాణా కొట్టాయన పునీతుడైపోయాడు. కాలిఫోర్నియాలో శాన్ క్వెంటిన్ జైలు విని ఉంటారు. అది క్వింతీన్ అనే స్థానిక మివోక్ తెగ యోధుడి పేరు, అతన్ని పట్టుకున్న చోటు. తర్వాత వచ్చిన అమెరికా వాళ్లు, ఇక్కడ అన్నింటికీ శాన్ ఉంది కదా అని దీనికీ తగిలించారు.

మరి మా మేనకోడలి ఊరు? రమోన్ అని నిజంగా ఒక పునీతుడున్నాడు, నేనూ మొదట ఆయనే అనుకున్నాను. కానీ 1855లో భూమి హక్కుల మీద ఒక కేసు నడిచింది. అందులో అమడోర్ అనే పాత భూస్వామిని ఈ పేరెక్కడిదని అడిగితే చెప్పాడు, రమోన్ అని ఒకతను మిషన్‌లో, అంటే స్పెయిన్ ఫాదర్ల మఠంలో, మేస్త్రీగా ఉండేవాడు, ఆ వాగు పక్కన గొర్రెల్ని చూసుకునేవాడు, శాన్ అనేది వాడుక కొద్దీ తర్వాత చేరింది అని.

అంటే ఏంటండీ? రమోన్ అనే మామూలు మనిషి, అక్కడికి వెళ్లి ఉద్యోగం చేసుకున్నాడు, ఊరికి అతని పేరొచ్చింది. మా అక్కయ్య చెప్పింది ఇదే కదా! ఫోన్ చేసి చెప్పాను. ‘నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాగా’ అని, ఇంతకీ ఆ రమోన్‌ది ఏ ఊరు అని అడిగింది.